అమ్మకు వెరికోస్ వెయిన్స్ ఉంటే నాకూ తప్పవా? వంశపారంపర్యం ఎంత, మిగతాది ఎంత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 29, హైస్కూల్లో టీచరు. అమ్మకు పాతికేళ్లుగా రెండు కాళ్లలోనూ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఇప్పుడు కుడి చీలమండ దగ్గర పుండు పడి మానడం లేదు. పెద్దమ్మకు రెండుసార్లు లేజర్ (పాడైన సిరను లోపల నుంచి వేడితో మూసే చికిత్స) చేశారు, అయినా మళ్లీ వచ్చాయి. అమ్మానాన్నలది మేనరికం. నాన్న కాళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. మీ కుడి పిక్క మీద ఈ ఏడాది ఒక నీలం గీత తేలింది. ‘అమ్మానాన్నలకు ఉంటే 90 శాతం వస్తుంది’ అని ఎక్కడో చదివారు. జన్యు పరీక్ష చేయించుకోవాలా? ఇప్పుడే లేజర్ చేయించుకుంటే ముందు ముందు రాకుండా ఆగుతుందా?

జన్యు పరీక్ష అక్కర్లేదు. లేజర్ ఇప్పుడే వద్దు. డాప్లర్ (కాలి సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే స్కాన్) మాత్రం చేయించుకోండి, అదీ నిలబెట్టి చేసేది. ఇక కారణాలు.

ఆ 90 శాతం అనే అంకె ఫ్రాన్స్‌లో కోర్ను-థెనార్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలోది. వెరికోస్ వెయిన్స్ ఉన్న 67 మందినీ, లేని 67 మందినీ, వాళ్ల తల్లిదండ్రులతో సహా మొత్తం 402 మందిని చూశారు. తల్లిదండ్రులిద్దరికీ ఉంటే పిల్లలకు 90 శాతం, ఒక్కరికే ఉంటే కూతుళ్లకు 62, కొడుకులకు 25 శాతం, ఇద్దరికీ లేకపోయినా 20 శాతం అని తేల్చారు. మీ నాన్నగారికి లేదు కాబట్టి ఆ లెక్కలో కూడా మీది 90 కాదు, 62.

ఆ 62ను కూడా ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. ఆ అధ్యయనంలో పిల్లల తరంలో సరిగ్గా సగం మంది రోగులే ఉండేలా ముందే ఎంచుకున్నారు. బయట సమాజంలో ఆ నిష్పత్తి ఉండదు కదా. అందువల్ల ‘ఇద్దరికీ ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది, కూతుళ్లకు కొడుకుల కంటే ఎక్కువ’ అన్నంత వరకు నమ్మొచ్చు. ‘నాకు నూటికి 62 పాళ్లు వస్తుంది’ అని చదువుకోవడానికి ఆ అంకె పనికిరాదు. ఇంటర్నెట్‌లో మాత్రం ఏళ్ల తరబడి అలాగే తిరుగుతోంది.

ఇంకో వైపు నుంచి చూడండి. 2010లో జర్మనీలో వేల కుటుంబాల మీద చేసిన లెక్కలో సిరల (రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళాల) జబ్బుకు వంశపారంపర్యత సుమారు 17 శాతం అని వచ్చింది. ఈ 17కు అర్థం వేరు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య ఈ జబ్బు విషయంలో కనిపించే తేడాలో జన్యువుల వంతు అంత అని. ఒక వ్యక్తికి వచ్చే అవకాశం అంత అని కాదు. వయసు, కాన్పులు, బరువు, నిలబడే పని, పాత రక్తపు గడ్డలు, ఇవన్నీ మిగతా వాటాలో ఉన్నాయి.

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉండటానికి మరో మామూలు కారణం కూడా ఉంది. ఇది చాలా ఎక్కువగా కనిపించే జబ్బు. ఎడిన్‌బరో నగరంలో 18 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,566 మందిని పరీక్షిస్తే (1999లో ప్రచురించారు) మగవాళ్లలో దాదాపు 40 శాతం, ఆడవాళ్లలో 32 శాతం మందికి కాళ్లలో ప్రధాన సిరలు ఉబ్బి ఉన్నాయి. అంత మందికి ఉన్నప్పుడు ఏ ఇంట్లో అయినా ఇద్దరు తేలడం వింత కాదు. పైగా ఆ పరీక్షలో మగవాళ్లకే ఎక్కువ ఉంది. మీ నాన్నగారి కాళ్లు పంచె కింద ఎవరూ సరిగ్గా చూసి ఉండకపోవచ్చు. ఒకసారి వెలుతురులో నిలబెట్టి చూడండి.

మన భాషలో ఉన్న ఒక ఇబ్బంది గురించి ఇక్కడే చెప్పాలి. సిరనూ, నాడినీ రెంటినీ ‘నరం’ అనే అంటాం. అందువల్ల ‘నరాలు ఉబ్బాయి’ అని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లి, విటమిన్ మాత్రలు వాడుతూ నెలలు గడిపేవాళ్లు ఉన్నారు. ఇది రక్తనాళాల జబ్బు. చూడాల్సింది వాస్క్యులర్ సర్జన్.

ఇక జన్యువులు అసలు ఏం చేస్తాయి? నిశ్చలంగా నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడిస్తే పిక్క కండరం రక్తాన్ని పైకి తోసేస్తుంది, ఒత్తిడి 30 కంటే కిందికి పడిపోతుంది. పైకి వెళ్లిన రక్తం తిరిగి జారకుండా సిర లోపల రెండు రెక్కల కవాటాలు మూసుకుంటాయి. ఈ ఏర్పాటులో వంశం నుంచి వచ్చే బలహీనత ప్రధానంగా రెండు చోట్ల ఉండొచ్చు: కవాటం తయారీలో, లేదా సిర గోడ సాగే గుణంలో. కవాటం రెక్కలు బాగానే ఉన్నా గోడ వెడల్పయితే రెక్కలు ఒకదానికొకటి అందవు. తలుపు బాగుండి గుమ్మం సాగినట్టు.

గోడ సంగతికి మంచి ఆధారమే ఉంది. వెరికోస్ సిరల నుంచి తీసిన కండర కణాలను ప్రయోగశాలలో పెంచితే, సాగే గుణం ఇచ్చే మూడో రకం కొలాజెన్ (కణజాలానికి బలమిచ్చే పీచు లాంటి ప్రోటీన్) తగ్గి, గట్టిదైన ఒకటో రకం పెరిగింది. అవే రోగుల చర్మం కణాల్లో కూడా ఆ తేడా కనిపించింది. చర్మం మీద సిరలోని ఒత్తిడి ఉండదు కదా. అంటే కొంతమందిలో ఈ లోపం కాలి సిరకే పరిమితం కాదు, శరీరమంతటా ఉన్న గుణం. పెద్దమ్మకు మళ్లీ ఎందుకు వచ్చాయన్న దానికి సగం జవాబు ఇక్కడ ఉంది, మిగతా సగం తర్వాత చెబుతాను.

జన్యువుల పేర్లు కావాలంటే: బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌లో ఉన్న దాదాపు 4,93,000 మంది సమాచారంతో 2018లో ఒక పెద్ద విశ్లేషణ, తర్వాత 2022లో మొత్తం 8 లక్షలు దాటిన మందితో ఇంకొకటి వచ్చాయి. రెండోదానిలో జన్యుపటం మీద 46 చోట్లు తేలాయి. సీఏఎస్‌జెడ్1, పీజో1, గాటా2 లాంటివి ముందు వరసలో ఉన్నాయి. వీటిలో పీజో1 నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోస్తుంది. రక్తం ఒరుసుకుంటూ పారే తాకిడిని కణం గుర్తించడానికి ఈ ప్రోటీన్ తోడ్పడుతుంది. సిరల్లో, లింఫు నాళాల్లో (కణజాలాల్లో చేరిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చేవి) కవాటాలు సరిగ్గా ఏర్పడాలంటే ఇది కావాలి. స్పర్శ, ఒత్తిడి గ్రాహకాల ఆవిష్కరణకు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌కు వచ్చిన నోబెల్ బహుమతిలో ఈ పీజో ఉంది. 2018 విశ్లేషణలో ఇంకొకటి బయటపడింది: పొడుగ్గా ఉండటం కూడా ముప్పే, ఎత్తును నిర్ణయించే జన్యువుల ద్వారా చూసినా అదే తేలింది. మీ ఇంట్లో అందరూ పొడుగైతే, ‘వంశం నుంచి వచ్చినది’ కొంత వరకు ఆ పొడుగే కావచ్చు.

అన్ని చోట్లు తేలాయి కదా, పరీక్ష ఎందుకు వద్దంటున్నాను? ఒక్కొక్కటీ ముప్పును కొద్దికొద్దిగా మాత్రమే కదుపుతుంది. అన్నీ కూడినా చికిత్స మారదు. ‘ఎక్కువ’ అని వచ్చినా డాప్లరే చేయాలి, ‘తక్కువ’ అని వచ్చినా ఉబ్బిన సిర ఉంటే డాప్లరే చేయాలి. ఆ అధ్యయనాల్లో ఉన్నవాళ్లలో అత్యధికులు యూరప్ మూలాలవాళ్లు. వాళ్ల మీద కట్టిన జన్యు ముప్పు స్కోరు తెలుగువాళ్ల మీద అదే కచ్చితత్వంతో పనిచేస్తుందని అనుకోకూడదు. ఆ డబ్బుతో మంచి డాప్లర్, కాలిని బిగుతుగా నొక్కిపట్టే మేజోళ్లు రెండు జతలు వస్తాయి.

మేనరికం గురించి భయపడ్డారు. దాని ప్రభావం ఎక్కువగా కనిపించేది ఒకే జన్యువు రెండు చెడ్డ ప్రతులు కలిస్తే వచ్చే జబ్బుల్లో. మేనత్త మేనమామ పిల్లలు పెళ్లాడితే పుట్టే బిడ్డలో సగటున 16వ వంతు జన్యువులు రెండు వైపుల నుంచీ అచ్చంగా ఒకటే ఉంటాయి. మేనమామనే చేసుకుంటే 8వ వంతు. మామూలు వెరికోస్ వెయిన్స్ అలాంటి జబ్బు కాదు, ఎన్నో జన్యువుల చిన్న చిన్న పాళ్లు కలిసి వచ్చేది. మేనరికం వల్ల జరిగేది ఏమిటంటే, అమ్మ వైపు ఉన్న గుణం నాన్న వైపు కూడా ఉండే అవకాశం పెరుగుతుంది. అందుకే నాన్న కాళ్లు, వాళ్ల అన్నదమ్ముల కాళ్లు కూడా చూడమంటున్నాను.

అయితే ‘మా ఇంట్లో ఉన్నదేలే’ అని వదిలేయకూడనివి కొన్ని ఉన్నాయి. వీటిలో జన్యు పరీక్షకు నిజంగా పని ఉంది, లేదా కారణం వేరే ఉంది.

కనురెప్పల లోపలి అంచున రెండో వరస వెంట్రుకలు, యుక్తవయసు దగ్గర్లో మొదలైన పాదాల వాపు, వీటితో పాటు ఉబ్బిన సిరలు ఉంటే ఫాక్స్‌సీ2 జన్యువు అనుమానించాలి. ఈ మార్పు ఉన్న 18 మందిని బ్రిటన్‌లో పరీక్షించి 2007లో ప్రచురించారు: ప్రతి ఒక్కరికీ కాలి లోపలివైపు పెద్ద సఫీనస్ సిరలో రక్తం వెనక్కి జారుతోంది. ఒక్క జన్యువే సిరల జబ్బు తెచ్చే అరుదైన ఉదాహరణ ఇది, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో సగం మందికి రావచ్చు. మన కోస్తా జిల్లాల్లో కాలు వాస్తే వెంటనే బోదకాలు అంటారు కాబట్టి దీన్ని పట్టుకోవడం ఆలస్యమవుతుంది. లింఫు వాపును గుర్తుపట్టే తేలిక పద్ధతి: రెండో కాలివేలు మొదట్లో పైచర్మాన్ని రెండు వేళ్లతో గిల్లి పైకి లాగండి. చర్మం పట్టుకు రాకపోతే లింఫు సమస్య, అది ఫైలేరియా వల్లనా, పుట్టుకతోనా అన్నది డాక్టరు తేలుస్తారు. పట్టుకు వచ్చినంత మాత్రాన లింఫు సమస్య లేదని మాత్రం అనుకోకూడదు.

చిన్నప్పటి నుంచీ ఒకే కాలికి, తొడ బయటివైపు ఉబ్బిన సిర, దాని మీద ఎర్రటి మచ్చ, ఆ కాలు పొడుగో లావో ఉంటే అది క్లిపెల్-ట్రెనానే సిండ్రోమ్ కావచ్చు. దీనికి ఎక్కువగా పీఐకే3సీఏ జన్యువులో గర్భంలో ఉండగా కొన్ని కణాల్లోనే వచ్చిన మార్పు కారణం. తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, సాధారణంగా పిల్లలకూ వెళ్లదు. దీనికి రక్తం ఇచ్చి పరీక్ష చేయిస్తే చాలాసార్లు ఏమీ లేదనే వస్తుంది. మార్పు ఉన్నది ఆ కాలి కణజాలంలో, అక్కడి ముక్క తీసి చూడాలి. ఇలాంటి కాళ్లలో లోపలి ప్రధాన సిర సరిగ్గా లేకపోవచ్చు, అది చూడకుండా పైసిర మూసేస్తే రక్తం పోవడానికి దారి ఉండదు.

చర్మం పలచగా లోపలి సిరలు కనిపించేలా ఉండటం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, ఇంట్లో చిన్న వయసులో ధమని చిట్లి ఎవరైనా పోవడం, వీటితో పాటు చిన్నప్పుడే వెరికోస్ ఉంటే రక్తనాళాల రకం ఎలర్స్-డాన్లోస్ అనుమానించి సీఓఎల్3ఏ1 జన్యువు చూడాలి. వీళ్లకు సిరల ఆపరేషన్ తొందరపడి చేయకూడదు, నాళాలు చేతిలో చినిగిపోతాయి.

ఇక రక్తం గడ్డకట్టే గుణం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి 50 ఏళ్లలోపు కాలి లోపలి సిరలో గడ్డ కట్టి ఉంటే, వాళ్ల ఉబ్బిన సిరలు ఆ గడ్డ మిగిల్చినవి కావచ్చు. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్‌ల లోపాలు వంశంలో వస్తాయి. ఈ పరీక్షలు చేసే సమయమే ఎక్కువగా తప్పుతుంది: గడ్డ కట్టిన కొత్తలో అంకెలు నమ్మలేం, వార్ఫరిన్ (గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే సి, ఎస్ రెండూ తగ్గుతాయి, గర్భంలో ఎస్ దానంతటదే తగ్గుతుంది. ఆ రోజుల్లో తీసిన రిపోర్టు పట్టుకుని ‘వంశంలో లోపం’ అని ముద్ర వేసుకున్నవాళ్లు మళ్లీ చేయించుకోవాలి.

కాబట్టి పెద్దవాళ్లను ‘మీకూ ఉందా’ అని మాత్రం అడిగితే సరిపోదు. ఏ వయసులో మొదలైంది? మొదటి కాన్పుకు ముందా, తర్వాతా? ఒక కాలా, రెండూనా? ఎప్పుడైనా కాన్పు తర్వాతో ఆపరేషన్ తర్వాతో ఒక కాలు హఠాత్తుగా వాచిందా? పుండు పడిందా? ఆపరేషన్ జరిగితే ఏది మూశారు? ఈ ఆరు జవాబులు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మీ నీలం గీత విషయానికొస్తే, సాయంత్రం బడి అయ్యాక అయిదు నిమిషాలు నిలబడి వెలుతురులో చూసుకోండి. 1 మి.మీ. లోపు ఎర్ర, ఊదా దారాలు, 1 నుంచి 3 మి.మీ. నీలం గీతలు సీఈఏపీ వర్గీకరణలో (సిరల జబ్బు ఏ దశలో ఉందో చెప్పే పద్ధతి) సీ1 కిందికి వస్తాయి, అవి ఎక్కువగా చూపుకు సంబంధించినవే. 3 మి.మీ. దాటి, మెలికలు తిరిగి, వేలికి తగిలేలా ఉబ్బితే సీ2. వాపు సీ3, చర్మం నల్లబడటం, గజ్జి లాంటి దురద, గట్టిపడటం సీ4, మానిన పుండు సీ5, మానని పుండు సీ6. మీరు చెప్పినదాన్ని బట్టి మీది సీ1కు, సీ2కు మధ్య ఉంది. మీ అమ్మగారిది సీ6. సన్నగా ఉండి బరువు పనులు చేసేవాళ్లకు తిన్నగా తేలే సిరలు జబ్బు కాదు. కాలెత్తగానే అవి చదునైపోతాయి, ఎక్కడా మెలికలు ఉండవు.

డాప్లర్‌లో తప్పులు ఎక్కువ జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మిమ్మల్ని నిలబెట్టాలి, బరువు రెండో కాలి మీద వేయించాలి. పిక్కను పిసికి వదిలినప్పుడు రక్తం వెనక్కి ఎంతసేపు జారిందో కొలవాలి. పైసిరల్లో అర సెకను దాటితే, తొడ, మోకాలి వెనక లోపలి సిరల్లో 1 సెకను దాటితే జబ్బు. పడుకోబెట్టి చేస్తే ఉన్న జారుడు కనబడకుండా పోవచ్చు. రిపోర్టులో గజ్జ దగ్గర, మోకాలి వెనక కలిసే చోట్ల సంగతి, జారిన సమయం సెకన్లలో, సిర వ్యాసం మి.మీ.ల్లో, లోపలి సిరల్లో గడ్డ ఉందా లేదా, ఈ నాలుగూ ఉండాలి. ‘గజ్జ కవాటం పాడైంది’ అని ఒక్క ముక్క రాసిన రిపోర్టు మీద లేజర్‌కు ఒప్పుకోకండి. గజ్జ దగ్గర బాగానే ఉండి కింద పిక్కలోనే మొదలైన జారుడు మీ వయసువాళ్లలో తరచుగా కనిపిస్తుంది. ఎడమ కాలికి మాత్రమే ఎక్కువగా ఉంటే పొత్తికడుపులో సిర నొక్కుకుపోయిందేమో కూడా చూడమనండి.

జారుడు లేకపోతే లేజర్‌తో మూయడానికి ఏమీ లేదు. బాగున్న సఫీనస్ సిరను ‘ముందు జాగ్రత్త’గా మూయించుకోవడం వల్ల మిగతా సిరల గోడల గుణం మారదు. పైగా రేపు గుండెకు బైపాస్ అవసరమైతే తీసేది ఆ సిరనే. జారుడు ఉండి, బరువు, నొప్పి, వాపు, చర్మం మార్పు ఉంటే మాత్రం లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ (రేడియో తరంగాల వేడితో సిరను మూయడం) మంచి చికిత్సలు. బ్రిటన్ మార్గదర్శకాలు 2013 నుంచీ వాటినే మొదట పెడుతున్నాయి, తర్వాత ఫోమ్ ఇంజెక్షన్, ఆ తర్వాతే కోత.

పెద్దమ్మకు మళ్లీ రావడానికి మూడు దారులు ఉండొచ్చు: మొదటిసారి జారుడు అసలు మూలాన్ని వదిలేయడం, మూసిన సిర మళ్లీ తెరుచుకోవడం, వేరే సిర కొత్తగా పాడవడం. వంశంతో నేరుగా సంబంధం ఉన్నది మూడోదానికే. మొదటి రెండూ చేసిన పని తీరుకు సంబంధించినవి. అందుకే పాత డాప్లర్ రిపోర్టులు చూడకుండా ‘అది వాళ్ల వంశమండీ’ అనేస్తే నేను ఒప్పుకోను.

మీరు ఇప్పుడు చేయగలిగింది పిక్క పంపును పని చేయించడం. ఒకే చోట నిలబడి పాఠం చెప్పకండి, బల్లల మధ్య తిరగండి. తిరగలేనప్పుడు అరగంటకోసారి మడమలు ఎత్తి దించండి, 15 నుంచి 20 సార్లు. బరువు ఎక్కువుంటే తగ్గించండి. మేజోళ్లు బరువు, వాపు తగ్గిస్తాయి, కొత్త సిరలు ఉబ్బకుండా ఆపుతాయనడానికి ఆధారం లేదు. గర్భంలో వాడినా అంతే: హాయి ఉంటుంది, కొత్తవి రావడం ఆగదు. వాడితే మోకాలి వరకు ఉండే, 20–30 మి.మీ. పాదరసం ఒత్తిడి ఇచ్చే రకం, కొలత పొద్దున్నే వాపు లేనప్పుడు: చీలమండ పైన సన్నటి చోటు, పిక్క లావు చోటు, మోకాలి కింద వరకు పొడవు. పై అంచు మడిస్తే అక్కడ బిగుసుకుని వాపు పెరుగుతుంది. ఆరు నెలలకు పట్టు పోతుంది, మార్చాలి. మే నెల ఎండల్లో ఎవరూ రోజంతా వేసుకోరు. నిలబడే గంటల్లో వేసుకున్నా లాభమే, లేదా 15–20 రకానికి దిగండి. మధుమేహం ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు ముందు చీలమండ–చేయి రక్తపోటు నిష్పత్తి చూపించుకోవాలి, 0.8 కంటే తక్కువ ఉంటే డాక్టరు చెప్పకుండా బిగుతు మేజోడు వేయకూడదు.

మీకు ఇంకా కాన్పులు కాలేదనుకుంటే, గర్భంలో కొన్ని సిరలు తేలే అవకాశం ఉంది. కానీ కాన్పు అయ్యాక చాలా వరకు అణుగుతాయి. చికిత్స గురించి నిర్ణయం కాన్పు తర్వాత కనీసం 3 నెలలు ఆగి, మళ్లీ డాప్లర్ చూసి తీసుకోండి.

ఇంట్లో అందరికీ నేర్పాల్సింది ఒకటుంది. చీలమండ దగ్గర ఉబ్బిన సిర చిట్లితే రక్తం చిమ్ముతుంది. వెంటనే పడుకోబెట్టి కాలు గుండె కంటే పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో అదే చోట 10 నుంచి 15 నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా నొక్కిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పైన తాడు కట్టకూడదు, సిరలో ఒత్తిడి పెరిగి రక్తం ఇంకా పోతుంది. ఒక పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా, దానికి ఆయాసం తోడైనా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

డాప్లర్‌కు వెళ్లేరోజు అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. మీ ఇద్దరిలో తొందర ఉన్నది ఆవిడకే. బ్రిటన్‌లో 2018లో వచ్చిన ఎవ్రా అనే చికిత్సా అధ్యయనంలో పుండు ఉన్నవాళ్లకు జారే సిరను ఆలస్యం లేకుండా మూసి బిగుతు కట్టు కడితే పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, ముందు కట్టు మాత్రమే కట్టి, సిర మూయడం వాయిదా వేసినవాళ్లకు 82. ఆమె ధమనులు బాగున్నాయో లేదో చూసి, కట్టు ఆ రోజే మొదలుపెట్టమనండి.